బడిలో తోడు – బాలల మానసికారోగ్యం

ఉదయం ప్రార్థన ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుస్తాడు. పలికిన వారికి ఒక గుర్తు, పలుకని వారికి మరొక గుర్తు పడుతుంది. నెల గడిచేసరికి ఏ విద్యార్థి ఎన్ని దినాలు బడికి వచ్చినాడో ఆ పట్టీ తప్పులేకుండా చెప్పగలదు. కాని వచ్చిన విద్యార్థితో ఆ దినం తోటివారు ఎవరైనా మాట్లాడినారా, మధ్యాహ్నం అతడు ఎవరి పక్కన కూర్చుండి అన్నం తిన్నాడు, ఆటకు అతణ్ణి ఎవరైనా పిలిచినారా అన్న సంగతులు అందులో ఉండవు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక పిల్లవాడు ఉదయం నుండి సాయంత్రం దాకా ఎవరితోనూ మనసు విప్పి ఒక మాటైనా మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోవడం సాధ్యమే. అతడు అల్లరి చేయడు. కావున ఎవరి దృష్టికీ రాడు.

ఇట్టి పిల్లల విషయమై గడచిన డెబ్బది ఏండ్లకు పైగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వైద్యులు విస్తారంగా పరిశోధనలు జరిపినారు. బాలల మానసికారోగ్యం చాలవరకు వారికీ చుట్టూ ఉన్నవారికీ మధ్య గల సంబంధాలపై ఆధారపడి ఉంటుందని వాటివల్ల తేలినది. ఇంటి తరువాత అట్టి సంబంధాలు ఏర్పడే పెద్ద స్థలం బడి. కావున బడిలో పిల్లవానికి తోడు దొరకడం చదువుకు అదనంగా లభించే సుఖం మాత్రమే అనుకోరాదు. చదువు నిలబడే పునాదులలో అది ఒకటి.

మానేటి ఒడ్డున

సిరిసిల్ల పట్టణం నుండి సిద్దిపేట వైపు పోయే బాటలో మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి వస్తుంది. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు ఇది మండల కేంద్రమైనది. ఈ ప్రాంతపు బ్రతుకుతెరువు మగ్గంతో ముడిపడి ఉన్నది. సిరిసిల్లలో వేలకొలది మరమగ్గాలు ఉన్నవి. ఇక్కడివారు వీటిని సాంచాలు అంటారు. వస్త్ర పరిశ్రమకై ఏర్పాటైన టెక్స్‌టైల్ పార్కు తంగళ్ళపల్లి మండలంలోనే బద్దెనపల్లి వద్ద ఉన్నది.

సాంచాల పనిలో దినపాళి, రాత్రిపాళి అని రెండు పాళీలు ఉంటాయి. ఒక్కొక్క పాళి పన్నెండు గంటలు సాగడం సాధారణం. రాత్రిపాళికి పోయే తండ్రి పిల్లవాడు బడికి బయలుదేరే వేళకు నిద్రకు చేరుతాడు. పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి మళ్ళీ పనికి సిద్ధమవుతాడు. తల్లి కండెలు చుట్టడానికో, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టడానికో కూర్చుంటుంది. కూలి నేసిన గుడ్డను బట్టి, చుట్టిన బీడీలను బట్టి లెక్కకడతారు కాబట్టి చేతులు ఆగితే కూలి తగ్గుతుంది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు, భీవండి, సూరత్ వంటి పట్టణాలకు పనికై పోయినవారు కూడ చాలామంది. వారి పిల్లలకు తండ్రి అంటే ఎక్కువ దినాలు ఫోనులో వినిపించే గొంతు మాత్రమే.

మగ్గాలకు పని లేని కాలాలలో ఈ ఇండ్లపై పడే భారం ఇంకా ఎక్కువ. అప్పుల బాధతో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న వార్తలవల్ల 2000 తరువాతి సంవత్సరాలలో సిరిసిల్ల పేరు దేశమంతటా వినబడినది. పెద్దల దిగులు పిల్లలకు చెప్పకపోయినా తెలుస్తుంది. ఇంటిలో మాటలు తగ్గడం, కిరాణా దుకాణంలో ఖాతా పెరగడం, రాత్రిళ్ళు తల్లిదండ్రులు మెల్లగా వాదులాడుకోవడం వారు గమనిస్తూనే ఉంటారు.

ఈ వర్ణన తల్లిదండ్రులను తప్పు పట్టడానికి కాదు. పన్నెండు గంటలు పనిచేసే తండ్రికి బిడ్డపై ప్రేమ తక్కువ అని ఎవరూ అనజాలరు. అతనికి తక్కువైనది సమయం. ఇట్టి ఇంటి నుండి వచ్చిన పిల్లవానికి బడిలో గడిపే ఆరేడు గంటలు ఎంత విలువైనవో గ్రహించడం ఇక్కడ ముఖ్యం.

మానసికారోగ్యం అంటే ఏమి?

జ్వరం లేనంత మాత్రాన శరీరం ఆరోగ్యంగా ఉన్నదని చెప్పలేము. అట్లే పిచ్చి లేనంత మాత్రాన మనస్సు ఆరోగ్యంగా ఉన్నదని చెప్పడానికి వీలులేదు. జీవితంలో వచ్చే ఒత్తిళ్ళను తట్టుకోగలగడం, తన శక్తులను తెలుసుకోగలగడం, చక్కగా నేర్చుకొని పనిచేయగలగడం, తన సంఘానికి ఉపయోగపడగలగడం – ఇవన్నీ కలిసిన మంచి స్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసికారోగ్యమని పేరు పెట్టినది.

ఆ సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 10 నుండి 19 ఏండ్ల వయస్సు గల ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. దిగులు, ఆందోళన, ప్రవర్తనకు సంబంధించిన చిక్కులు వీటిలో ముఖ్యమైనవి. నలభై మంది తరగతికి ఈ లెక్కను వర్తింపజేస్తే అయిదారుగురు అవుతారు. అన్ని తరగతులలో ఇదే సంఖ్య ఉంటుందని దీని అర్థం కాదు. అయినా ఈ సమస్య ఎక్కడో దూరంగా ఉన్నదని ఏ ఉపాధ్యాయుడూ భావించడానికి వీలులేదు.

ఒంటరితనం విషయమై అదే సంస్థ నియమించిన సంఘం 2025 జూన్‌లో ఒక నివేదిక వెలువరించినది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని అందులో చెప్పినారు. వృద్ధులకే ఈ బాధ ఎక్కువ అని సాధారణంగా అనుకుంటారు. కాని 13 నుండి 29 ఏండ్ల వయస్సువారిలో 17 నుండి 21 శాతం మంది తాము ఒంటరివారమని చెప్పినారు. అందులోనూ ఇరువది ఏండ్ల లోపువారిలో ఇది అత్యధికం. ఒంటరితనం అనుభవించే కౌమారులకు చదువులో తక్కువ మార్కులు వచ్చే అవకాశం ఇతరులకంటె 22 శాతం ఎక్కువ అని కూడ ఆ నివేదిక తెలిపినది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవలెను. ఒంటరిగా ఉండడం వేరు, ఒంటరితనం వేరు. చెట్టు కింద కూర్చుండి పుస్తకం చదువుకొనే పిల్లకు ఆ ఏకాంతం ఇష్టమే కావచ్చును. ఆమెకు ఇద్దరు మంచి మిత్రులు ఉంటే చాలు. గుంపు మధ్యలో ఉండి కూడ తనను ఎవరూ పట్టించుకోవడం లేదని కుమిలిపోయే పిల్లవాడు ఒంటరివాడు. కావలసిన తోడుకూ దొరికిన తోడుకూ మధ్య గల వెలితినే శాస్త్రజ్ఞులు ఒంటరితనం అంటారు. మితభాషి అయిన ప్రతి విద్యార్థినీ రోగిగా చూడరాదు.

గుడ్డతల్లి

బిడ్డ తల్లిని అంటిపెట్టుకోవడానికి కారణం పాలు అని ఒకప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మేవారు. ఆకలి తీర్చేవారిపై మమకారం కలుగుతుందని వారి వాదం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనిని కోతిపిల్లలపై పరీక్షించినాడు. తల్లుల నుండి వేరుచేసిన పిల్లలకు రెండు బొమ్మతల్లులను ఇచ్చినాడు. ఒకటి ఇనుప తీగలతో చేసినది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. కొన్ని పిల్లలకు పాలసీసాను తీగతల్లికే అమర్చినాడు. పిల్లలు పాలు తాగడానికి మాత్రం తీగతల్లి వద్దకు పోయి, దినంలో ఎక్కువ భాగం గుడ్డతల్లినే కరచుకొని ఉండినవి. భయం కలిగినప్పుడు కూడ గుడ్డతల్లి వద్దకే పరుగెత్తినవి. 1958లో హార్లో ఈ ఫలితాలను ప్రకటించినాడు.

బాల్యం నుండి ఏ తోడూ లేకుండా పెంచిన కోతులు పెద్దవైన తరువాత తోటి కోతులతో కలువలేకపోయినవి. అవి మూలకు ఒదిగి ఊగుతూ ఉండేవి. ఆ నష్టాన్ని సరిచేసే ఉపాయం మొదట దొరకలేదు. తరువాత స్టీఫెన్ సువోమీ అనే పరిశోధకునితో కలిసి హార్లో ఒక కొత్త మార్గాన్ని ప్రయత్నించినాడు. ఆరు నెలలు ఏకాంతంలో ఉంచిన కోతుల వద్దకు మూడు నెలల చిన్న పిల్లలను పంపినారు. ఆ చిన్నవి బెదరింపు తెలియనివి. దగ్గరకు పోయి అంటుకొని కూర్చున్నవి, మెల్లగా ఆటకు పిలిచినవి. కొన్ని నెలలలో ఏకాంతపు కోతులు చాలవరకు మామూలు స్థితికి వచ్చినవి. 1972లో ఈ ఫలితం వెలువడినది. పెద్దలు చేయలేని చికిత్సను తోటి పిల్లలు చేయగలరని ఇది సూచించినది. ఆ ప్రయోగాలలో మూగజీవాలు పడిన బాధను తరువాతివారు తీవ్రంగా విమర్శించినారు. అట్టి ప్రయోగాలను నేడు సులభంగా అనుమతించరు.

మానవ శిశువుల విషయంలో ఇదే మాటను ఇంగ్లండుకు చెందిన వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో చెప్పినాడు. తల్లితోగాని, తల్లివలె చూచే మరొకరితోగాని స్థిరమైన, ఆప్యాయమైన సంబంధం బిడ్డ మానసికారోగ్యానికి అవసరమని ఆయన వాదించినాడు. ఆ కాలంలో ఆసుపత్రులలో చేరిన పిల్లలను తల్లిదండ్రులు చూడడానికి చాల తక్కువ సమయం ఇచ్చేవారు. బౌల్బీ, ఆయన సహచరుల కృషివల్ల ఆ నియమాలు క్రమంగా సడలినవి.

శరీరంలో జరిగే మార్పు

తోడు లేకపోవడం మనస్సుకు సంబంధించిన విషయమే అయినా అది శరీరంలోనూ కనబడుతుంది. భయం లేక ఒత్తిడి కలిగినప్పుడు మెదడులోని హైపోథలామస్ అనే భాగం పీయూష గ్రంథికి సంకేతం పంపుతుంది. పీయూష గ్రంథి మూత్రపిండాలపై నున్న అధివృక్క గ్రంథులను ప్రేరేపిస్తుంది. అవి కార్టిసాల్ అనే రసాయనాన్ని రక్తంలోకి విడుదల చేస్తాయి. దీనివల్ల శరీరానికి శక్తి అందుతుంది. ఆపద తొలగగానే కార్టిసాల్ తగ్గి శరీరం మామూలు స్థితికి రావలెను. పరీక్ష ముందు గుండె కొద్దిగా వేగంగా కొట్టుకోవడం ఇట్టిదే. అది హానికరం కాదు.

ఆపద తొలగకుండా రోజుల తరబడి కొనసాగితే చిక్కు వస్తుంది. నిద్ర చెడుతుంది. శ్రద్ధ నిలువదు. ఉపాధ్యాయుడు చెప్పిన లెక్కను క్షణకాలం మనస్సులో నిలుపుకొని దానిపై పనిచేసే జ్ఞాపకశక్తి చాల పరిమితమైనది. ఆ చోటును ఇంటి దిగులో, బడిలో పడ్డ అవమానమో ఆక్రమిస్తే లెక్కకు చోటు మిగులదు. ఇట్టి విద్యార్థిని మందబుద్ధి అని పొరబడడం తరచుగా జరిగేదే.

నమ్మకమైన మనిషి దగ్గర ఉన్నప్పుడు ఈ ఒత్తిడి ఉధృతి తగ్గుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మేగన్ గన్నర్, ఆమె సహచరులు పిల్లలను అపరిచితుల ఎదుట ఉపన్యసించమని కోరి, వారి లాలాజలంలోని కార్టిసాల్‌ను కొలిచినారు. తొమ్మిది, పది ఏండ్ల పిల్లలకు ముందుగా తల్లి లేక తండ్రి తోడుగా ఉండి ధైర్యం చెబితే కార్టిసాల్ అంతగా పెరుగలేదు. పదిహేను, పదహారు ఏండ్లవారిలో తల్లిదండ్రుల తోడు అట్లు పనిచేయలేదు. కౌమారంలో ఒత్తిడిని తట్టుకొనే మార్గాలు మారుతున్నవని దీనివల్ల తెలుస్తున్నది. ఉన్నత పాఠశాల వయస్సులో పిల్లల చూపు ఇంటి నుండి బయటికి, తోటివారి వైపు, మెచ్చుకొనే ఉపాధ్యాయుల వైపు తిరగడం ప్రతి తల్లిదండ్రులకూ అనుభవమే.

ఆటలో కూడనివ్వకపోవడం ఎంత బాధ కలిగిస్తుందో 2003లో మరొక ప్రయోగం చూపినది. కంప్యూటరు తెరపై ముగ్గురు బంతి విసురుకొనే ఆటలో, కొంత సేపటి తరువాత మిగిలిన ఇద్దరూ పరీక్షకు వచ్చిన వ్యక్తికి బంతి ఇవ్వడం మానివేసినారు. నిజానికి ఆ ఇద్దరినీ కంప్యూటరే ఆడించినది. ఆ సమయంలో మెదడును చిత్రించి చూడగా, దెబ్బ తగిలినప్పుడు కలిగే బాధలో పాల్గొనే ఒక భాగం చురుకుగా ఉండినది. ఈ రెండు బాధలూ ఒకటే అని దీనివల్ల నిర్ణయించలేము. కాని 'ఆటలో చేర్చుకోకుంటే ఏమయింది' అని పెద్దలు తేలికగా కొట్టివేయడం సరికాదని మాత్రం చెప్పవచ్చును.

ఒక్కరు చాలు

పేదరికంలో, కలహాల నడుమ పెరిగిన పిల్లలందరూ చెడిపోతారా? ఈ ప్రశ్నకు జవాబు హవాయి ద్వీపాలలోని కవాయి నుండి లభించినది. ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరులు అక్కడ 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎన్నుకొని, వారు నడివయస్సు చేరేవరకు పరిశీలిస్తూ వచ్చినారు. వారిలో 201 మంది పేదరికం, తల్లిదండ్రుల జబ్బు, ఇంటి కలహాలు వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారు. ఈ 201 మందిలో మూడింట ఒక వంతు, అనగా 72 మంది, ఏ పెద్ద చిక్కూ లేకుండా సమర్థులైన యువకులుగా, యువతులుగా ఎదిగినారు.

వీరిని మిగిలినవారితో పోల్చి చూడగా కొన్ని విషయాలు తేలినవి. అందులో ముఖ్యమైనది, వీరికి చిన్ననాటి నుండి తమను నిజంగా పట్టించుకొనే పెద్దవారు ఒక్కరైనా ఉండడం. ఆ ఒక్కరు అన్ని ఇండ్లలోనూ తల్లి కాదు. కొందరికి అవ్వ, కొందరికి పిన్ని లేక పొరుగు ఇంటివారు. అనేకులు తమకు ఇష్టమైన ఉపాధ్యాయుని పేరు చెప్పినారు.

1997లో అమెరికాలో పన్నెండు వేలకు పైగా కౌమారులపై జరిపిన అధ్యయనం దీనికి తోడుగా నిలిచినది. కుటుంబంతో దగ్గరి సంబంధం ఉన్నవారిలోనూ, బడి తమది అన్న భావం ఉన్నవారిలోనూ మానసిక వేదన, ఆత్మహత్య ఆలోచనలు, హింస, మత్తు పదార్థాల వాడకం తక్కువగా కనబడినవి. బడి పట్ల ఈ భావానికి ముఖ్యమైన ఆధారం ఉపాధ్యాయులు తమను న్యాయంగా చూస్తున్నారన్న నమ్మకం, తోటివారితో సాన్నిహిత్యం.

పాఠం వచ్చిన ఇంటికి బడి రాలేదు

బడి అంటే పాఠం మాత్రమే అయితే 2020లో నష్టం స్వల్పంగా ఉండవలసినది. కరోనా వ్యాధి కారణంగా ఆ సంవత్సరం మార్చిలో తెలంగాణలో బడులు మూతపడినవి. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమైనవి. 9, 10 తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నవి. మార్చిలో మళ్ళీ మూతపడి, సెప్టెంబరు 1న తిరిగి మొదలైనవి. ఉపాధ్యాయులు శ్రమపడి పాఠాలను ఇండ్లకు చేర్చినారు.

ఇంటికి చేరనివి మరికొన్ని ఉన్నవి. బల్లపై పక్కన కూర్చుండేవాడు, తెలియని లెక్కను గుసగుసగా చెప్పేవాడు, పలుపుసంచి మోస్తూ ఊరి దాకా కలిసి నడిచేవాడు టెలివిజన్‌లో రాలేదు. విద్యార్థి ముఖం చూచి 'ఏమయింది బిడ్డా' అని అడిగే టీచరమ్మ కూడ తెర అవతలనే ఉండిపోయినది. బడులు తెరుచుకున్న తరువాత చాలచోట్ల ఉపాధ్యాయులకు పాఠాలలో వెనుకబాటుతో పాటు పిల్లల మౌనం, చిరాకు, ఫోనుకు అతుక్కుపోవడం కూడ ఎదురైనవి. పాఠాన్ని మోసుకొని వచ్చేది సంబంధమేనని ఆ రెండు సంవత్సరాలు నేర్పినవి.

నలంద జిల్లాలో జరిగిన ప్రయోగం

మన దేశంలో పేద గ్రామాల బడులలో ఏమి చేస్తే ప్రయోజనం ఉంటుందో చూడడానికి బీహారులోని నలంద జిల్లాలో ఒక పెద్ద ప్రయోగం జరిగినది. 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు, సుమారు పదమూడు వేల మంది తొమ్మిదవ తరగతి విద్యార్థులు అందులో పాల్గొన్నారు. బడులను చీటీ పద్ధతిని మూడు వర్గాలుగా విభజించినారు. మొదటి వర్గంలో వైద్యులు కాని, శిక్షణ పొందిన ఒక సామాన్య సలహాదారుని ప్రతి బడిలో ఉంచినారు. రెండవ వర్గంలో అవే పనులను ఆ బడి ఉపాధ్యాయునికే శిక్షణ ఇచ్చి అప్పగించినారు. మూడవ వర్గంలో ప్రభుత్వం వారి మామూలు కౌమార విద్యా కార్యక్రమం మాత్రమే సాగినది.

పనులు కష్టమైనవి కావు. ప్రార్థన సమయంలో మానసికారోగ్యం, పోరు, బెదిరింపు వంటి విషయాలపై మాట్లాడడం, గోడపత్రిక నడపడం, విద్యార్థులు పేరు వ్రాయకుండా తమ బాధలు వ్రాసి వేయడానికి ఒక పెట్టె ఉంచడం, అవసరమైనవారితో ఏకాంతంగా మాట్లాడడం వాటిలో కొన్ని.

2018లో ఫలితాలు వెలువడినవి. సలహాదారుడు ఉన్న బడులలో వాతావరణం మెరుగుపడినది. విద్యార్థులలో దిగులు లక్షణాలు, బెదిరింపులు, కొట్లాటలు తగ్గినవి. రెండవ సంవత్సరం ఆ లాభం ఇంకా పెరిగినది. కాని ఉపాధ్యాయులకు అప్పగించిన బడులలో మామూలు బడులతో పోలిస్తే చెప్పుకోదగిన మార్పు కనబడలేదు.

ఈ ఫలితం చూచి ఉపాధ్యాయులు నొచ్చుకోనవసరం లేదు. ఒకే మనిషి పాఠం చెప్పి, మార్కులు వేసి, క్రమశిక్షణ నిలిపి, మధ్యాహ్న భోజనం లెక్కలు వ్రాసి, ఎన్నికల విధులకు పోయి, మిగిలిన సమయంలో విద్యార్థి రహస్య వేదన వినవలెనంటే సాగదు. పైగా మార్కులు వేసే చేతికి తన బలహీనతను చూపడానికి విద్యార్థి జంకుతాడు. దీనినుండి రెండు విషయాలు నేర్చుకోవలెను. సలహాదారుని పని అదనపు భారంగా ఉపాధ్యాయునిపై వేయరాదు. దానికి వేరే మనిషి కావలెను. రెండవది, ఉపాధ్యాయుడు తన పనిలో భాగంగానే చేయగలిగినవి చాల ఉన్నవి. అవి సలహా ఇవ్వడం కంటె సులభమైనవి.

ఉపాధ్యాయుడు చేయగలిగినవి

మొదటిది గమనించడం. వారానికి ఒకసారి హాజరుపట్టీలోని పేర్లను ఒక్కొక్కటిగా చదివి, ఈ వారంలో ఈ విద్యార్థితో పాఠం కాని మాట ఒకటైనా జరిగినదా అని తనను తాను ప్రశ్నించుకోవచ్చును. జవాబు 'లేదు' అని వచ్చిన పేర్లే మరుసటి వారం పలుకరించవలసినవి. 'తమ్ముడికి జ్వరం తగ్గిందా', 'నాయిన ఫోన్ చేసిండా' అన్న చిన్న ప్రశ్నకు అర నిమిషం చాలు.

రెండవది కలపడం. ఎప్పుడూ వెనుక బల్లపై ఒక్కడే కూర్చుండే విద్యార్థిని ఓపిక గల మిత్రుని పక్కన కూర్చుండబెట్టవచ్చును. ఇద్దరు కలిసి చేస్తేనే పూర్తి అయ్యే పనులు, అనగా పటం గీయడం, ప్రయోగశాల సామాను సర్దడం, మొక్కలకు నీరు పోయడం వంటివి అప్పగించవచ్చును. ఆటలో ఇద్దరు నాయకులు తమకు కావలసినవారిని ఒక్కొక్కరినే ఎన్నుకొనే పద్ధతిలో చివరకు మిగిలేది ఎప్పుడూ ఒకే పిల్లవాడు. అంకెలు చెప్పించి జట్లు విడగొడితే ఆ అవమానం తప్పుతుంది. బతుకమ్మకు ముందు బాలికలు ఆడే బొడ్డెమ్మను చూడండి. ఒకరు పాట ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. ఆ వలయంలో పాట రాని పిల్లకు కూడ చప్పట్లు కొట్టే చోటు ఉంటుంది. తరగతి పనులను ఆ విధంగా ఏర్పాటు చేయడం కష్టం కాదు.

మూడవది అవమానించకపోవడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించినది. మార్కులను అందరి ఎదుట చదివి ఎగతాళి చేయడం, ఇంటి పేదరికాన్నో, తండ్రి వ్యసనాన్నో ఎత్తిపొడవడం బెత్తం దెబ్బకంటె ఎక్కువ కాలం నిలుస్తాయి. ఒక విద్యార్థిని తోటివారు వెక్కిరిస్తుంటే ఉపాధ్యాయుడు మౌనంగా ఉండడం కూడ వెక్కిరింతకు అనుమతిగానే కనబడుతుంది.

నాల్గవది ఇంటితో సంబంధం. తల్లిదండ్రుల సమావేశం పాళీ మారే వేళకు కాకుండా వారికి వీలైన వేళకు పెట్టినప్పుడు వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. గల్ఫ్‌లో ఉన్న తండ్రికి ఫోనులో 'మీ బిడ్డ ఈ నెల బాగా చదివింది' అని చెప్పిన ఒక్క మాట తండ్రికీ బిడ్డకూ కూడ బలం ఇస్తుంది. ఫిర్యాదు చేయడానికి మాత్రమే బడి నుండి ఫోను వస్తుందన్న భావం పోవలెను.

విద్యార్థుల పాత్ర కూడ చిన్నది కాదు. కోతిపిల్లల ప్రయోగంలో వలె దగ్గరకు పోయి కూర్చుండడం, ఆటకు పిలవడం, అన్నం తినేటప్పుడు చోటు ఇవ్వడం ఎవరైనా చేయగలిగినవే. మిత్రుడు 'నాకు బ్రతకాలని లేదు' అని చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నా, ఆ ఒట్టును పక్కన పెట్టి నమ్మకమైన పెద్దవారికి వెంటనే చెప్పవలెను. అది ద్రోహం కాదు.

ఎప్పుడు సహాయం కోరవలెను?

స్నేహం మంచి మందు. అయినా అన్ని జబ్బులకూ అదే మందు కాదు. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోవడం, ఇష్టమైన ఆటపాటలు మానివేయడం, నిద్ర, తిండి బాగా మారిపోవడం, ఒక్కసారిగా మార్కులు పడిపోవడం, తరచుగా గైరుహాజరు కావడం, కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, తనకు తాను గాయం చేసుకోవడం, చావును గురించి మాట్లాడడం – ఇవి కనబడినప్పుడు వైద్యుని లేక మానసిక నిపుణుని సహాయం అవసరం. చావు ఆలోచన ఉన్నదా అని నెమ్మదిగా, సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం నిరాధారమైనది. అడగడంవల్ల చాలమందికి బరువు దిగినట్లవుతుంది. చావును గురించి మాట్లాడినవారిని ఒంటరిగా వదలరాదు.

2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడవచ్చును. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉన్నది.

విశాఖపట్నంలో చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శక సూత్రాలు ఇచ్చినది. నూరు మంది, అంతకు మించిన విద్యార్థులు గల సంస్థలు కనీసం ఒక అర్హుడైన సలహాదారుని, మనస్తత్వ నిపుణుని లేక సామాజిక కార్యకర్తను నియమించవలెనని, అంతకు తక్కువ ఉన్నవి బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవలెనని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వవలెనని, మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు జట్లుగా విడదీయరాదని అందులో ఉన్నది. నలంద ప్రయోగం చెప్పిన మాట, సర్వోన్నత న్యాయస్థానం చెప్పిన మాట ఒక దిక్కుకే చూపుతున్నవి. బడికి వినే మనిషి ఒకరు కావలెను. ఈ సూత్రాలు ప్రతి గ్రామపు బడిలో ఆచరణకు వచ్చేటట్లు చూడడం తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అధికారులు కలిసి చేయవలసిన పని.

సాంచాపై పడుగు పోగు ఒక్కటి తెగితే కార్మికుడు మగ్గం ఆపి దానిని ముడివేస్తాడు. చూడకుండా వదిలితే గుడ్డ పొడవునా ఆ గీత కనబడుతుందని అతనికి తెలుసు. అందుకే వేల పోగుల మధ్య తెగిన ఒక్క పోగును గుర్తుపట్టే చూపు అతనికి అలవడుతుంది. నేతన్నల బిడ్డలు చదివే బడిలో హాజరుపట్టీని కూడ ఆ చూపుతో చూడవలెను. పేరుకు 'ఉన్నాను సార్' అని పలికిన గొంతులో ఏ దినం తేడా వచ్చినదో గమనించి, ఆ సాయంత్రం బడి వదిలిన తరువాత ఒక్క నిమిషం ఆగి పలుకరించినట్లయితే అతణ్ణి కాపాడే పని అప్పుడే మొదలయినట్లు.